ముక్క తగ్గిస్తే కంచంలోకి ఏం రావాలి? నాలుగు దారుల పోలిక

ముక్క లేనిదే ముద్ద దిగని ఇళ్లు మనవి. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ సర్వేలో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ పదిహేనేళ్లు దాటినవాళ్లలో నూటికి 98 మంది దాకా మాంసాహారులేనని తేలింది. అలాంటి ఇంట్లోకి కొలెస్ట్రాల్ రిపోర్టు రాగానే వినిపించే మొదటి మాట "రేపటి నుంచి నాన్‌వెజ్ బంద్". మరి కంచంలో ఖాళీ అయిన చోట ఏం పెట్టాలి? ఆ ప్రశ్న ఎవరూ అడగరు. అడగకపోతే ఆ చోటును అన్నమే ఆక్రమిస్తుంది. దాని వెంట ఆవకాయ, అప్పడం, ఆలుగడ్డ వేపుడు వస్తాయి.

మానడం మనకు చేతకాని పనేం కాదు. కార్తీకంలో నెల రోజులు, అయ్యప్ప మాల వేస్తే 41 రోజులు నీచు ముట్టనివాళ్లు ఊరూరా ఉన్నారు. కాకపోతే ఆ రోజుల్లో తినేది పులిహోర, గారెలు, బొబ్బట్లు, నెయ్యి ఓడే చక్రపొంగలి. మాల తీసేసరికి నడుము బిగుతైందంటే తప్పు మాంసం మానడంలో లేదు, బదులుగా తిన్నదాంట్లో ఉంది. కింద చెప్పే నాలుగు దారుల్లో ఏది ఎంచుకున్నా ముందు ఈ బదులు లెక్క తేలాలి.

ముందుగా పప్పుల డబ్బా చూడండి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2000 కేలరీలు సరిపోయే మనిషికి బియ్యం, జొన్నలు, గోధుమలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులూ గింజలూ 85 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, కూరగాయలూ ఆకుకూరలూ 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పల్లీలు, నువ్వులు, బాదం వంటివి 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. ధాన్యాలూ పప్పులూ వండకముందు తూకమే.

ఇందులో మన ఇళ్లలో తప్పేది పప్పు దగ్గర. నలుగురున్న ఇంటికి రోజుకు 340 గ్రాములంటే నెలకు పది కిలోలు. మీ కిరాణా చిట్టీలో కంది, పెసర, మినప, శనగ అన్నీ కలిపి మూడు కిలోల దగ్గరే ఆగుతుంటే, ముక్క మానేసిన రోజే ప్రొటీన్ కూడా మానేసినట్టు. పప్పుచారులో మనిషికి పడేది పది పదిహేను గ్రాముల కందిపప్పు. అందులో ప్రొటీన్ మూడు గ్రాములకు అటూ ఇటూ. అదే ముద్దపప్పు అయితే 40 గ్రాముల పప్పుకు ఎనిమిదిన్నర గ్రాములు వస్తుంది. ఉలవచారు సంగతి మరీ చిత్రం. ఉడకబెట్టిన నీళ్లు మనం తాగి, సత్తువంతా మిగిలిన గింజలను పశువులకు పెట్టే అలవాటు మనది. ఉలవలు కూడా గుగ్గిళ్లుగా తింటేనే లెక్కలోకి వస్తాయి.

పెద్దవాళ్లకు కావాల్సిన ప్రొటీన్ కిలో బరువుకు 0.83 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాములు. కోడికూరలో 150 గ్రాముల మాంసం పడితే అందులోనే 30 దాకా వచ్చేస్తుంది. అది లేని రోజు ఎక్కడెక్కడి నుంచి పోగుచేయాలో చూడండి. 60 గ్రాముల పెసలతో వేసిన రెండు పెసరట్లు 14 గ్రాములు ఇస్తాయి. 30 గ్రాముల మీల్‌మేకర్ (సోయా ముద్దలు) 15, గుప్పెడు పల్లీలు (30 గ్రాములు) 7, గుడ్డు 6 నుంచి 7, పావులీటరు పెరుగు 8. రోజంతా తినే అన్నం, రొట్టెలు కూడా 20 గ్రాముల దాకా ఇస్తాయి, వాటిని మరిచిపోవద్దు. ప్రొటీన్ అమైనో ఆమ్లాలతో తయారవుతుంది. వాటిలో బియ్యంలో తక్కువైన లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది. రెండూ ఒకే ముద్దలో ఉండాలన్న నియమం లేదు, ఒక రోజులో కలిస్తే చాలు.

పనసపొట్టు, పుట్టగొడుగులు మాంసం మసాలాలో వేస్తే నోటికి ముక్కలాగే ఉంటాయి. రుచికి తినండి, మంచిదే. వందకు మూడు గ్రాముల ప్రొటీన్ కూడా కష్టంగా ఇచ్చే వీటిని మాంసానికి బదులుగా మాత్రం లెక్కేయకండి.

దారి ఒకటి: ఆదివారం ముక్క, మిగతా ఆరు రోజులు పప్పూ కూర

ఇప్పుడు వారానికి నాలుగైదు సార్లు మాంసం తినేవాళ్లకు ఇది అన్నిటికంటే నిలబడే దారి. ఇంట్లో ఇద్దరికి రెండు వంటలు చేసే బాధ ఉండదు, బంధువుల పెళ్లిళ్లలో ఇబ్బంది ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో సాసేజ్, సలామీ వంటి నిల్వ మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలోనూ, మేక, గొర్రె, పశు మాంసాలను 'బహుశా కారకం' అన్న వర్గంలోనూ చేర్చింది. అందుకని ఆ ఒక్కరోజుకు తోలు తీసిన కోడో చేపో ఎంచుకుని, మటన్‌ను నెలకోసారికి పరిమితం చేయడం మేలు.

ఈ దారి చెడేది ఆదివారమే. ఆరు రోజుల ఉపవాసం తీర్చుకున్నట్టు మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం పకోడీ, రాత్రికి మిగిలిన కూర లాగిస్తే వారం మొత్తం కొవ్వు లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. మనిషికి 100 నుంచి 150 గ్రాముల పచ్చి మాంసం తూకం వేసి వండండి. నలుగురికి అరకిలో చాలు. అరకిలోలో సొరకాయో దోసకాయో వేస్తే గిన్నె నిండుతుంది. మటన్ దోసకాయ, కోడి గోంగూర మనకు కొత్తవి కావు కదా.

దారి రెండు: చేప ఉంచుకోవడం

గుండె కోసమే మార్పు మొదలుపెట్టినవాళ్లకు ఇది మంచి దారి. కారణం ఒమేగా-3 కొవ్వులు. అవి కవళ్లు, కానాగంతలు వంటి నూనె ఉన్న సముద్రపు చేపల్లో దండిగా ఉంటాయి. చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతిలో ప్రొటీన్ బాగానే ఉన్నా ఒమేగా-3 అంత ఉండదు. ధరలో కూడా కవళ్లు సాధారణంగా దిగువనే ఉంటాయి. ముల్లు ఎక్కువని పక్కన పెట్టేస్తారు కానీ, చింతపండు పులుసులో సన్నని మంట మీద ఎక్కువసేపు ఉడికితే చిన్న ముళ్లు మెత్తబడతాయి, వాటితో కాల్షియం కూడా కడుపులోకి పోతుంది.

వారానికి రెండుసార్లు, పులుసుగానో పెనం మీద చెంచా నూనెతో కాల్చిగానో తినాలి. నూనెలో ముంచి తీసిన వేపుడు అయితే చేపను ఎంచుకున్న ప్రయోజనంలో సగం మూకుట్లోనే పోతుంది. ఎండుచేపల్లో ఉప్పు చాలా ఎక్కువ, బీపీ ఉంటే దూరం పెట్టండి. కోస్తాలో బాలింతలకు సొరపిట్టు పెడతారు. సొర వేటాడి తినే చేప కాబట్టి పాదరసం దాని ఒంట్లో పేరుకుంటుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు చిన్న చేపలతో సరిపెట్టుకోవడమే క్షేమం.

హైదరాబాద్ వంటి చోట్ల మంచి సముద్రపు చేప దొరకడం రోజును బట్టి ఉంటుంది. దొరకని వారం దొరకలేదని కోడికి మళ్లితే ఈ దారి మొదటి దారిగా మారిపోతుంది. అదీ పెద్ద నష్టమేం కాదు.

దారి మూడు: గుడ్డూ పాలూ ఉంచుకుని మిగతావి మానడం

ఎక్కువమందికి మా సలహా ఇదే. గుడ్డు చవక, తూకం తప్పదు, ఐదు నిమిషాల్లో అవుతుంది, హాస్టల్లోనూ దొరుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు రోజుకు ఒకటి తినవచ్చు. షుగర్, ఎక్కువ ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఉన్నవాళ్లు వారానికి ఎన్ని తినాలో డాక్టరును అడగాలి. "పచ్చసొన తీసేసి తింటున్నాం" అనేవాళ్లు ఒకటి గమనించాలి: విటమిన్ బి12, డి రెండూ పచ్చసొనలోనే ఉంటాయి. తెల్లసొన మిగిల్చేది ప్రొటీన్ ఒక్కటే.

పాల ప్యాకెట్ దగ్గర కూడా ఎంపిక ఉంది. ఫుల్‌క్రీమ్‌లో వెన్న 6 శాతం, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5. ప్రొటీన్, కాల్షియం మూడింటిలోనూ ఇంచుమించు ఒకటే. రోజుకు అరలీటరు తాగే ఇంట్లో ఫుల్‌క్రీమ్ నుంచి టోన్డ్‌కు మారితేనే 15 గ్రాముల కొవ్వు తగ్గుతుంది, అంటే మూడు చెంచాల నెయ్యి. మటన్ మానేశామని పనీర్ బటర్ మసాలాకు మారినవాళ్ల ఎల్‌డీఎల్ ఎందుకు కదలదో ఇక్కడే తెలుస్తుంది. పనీర్‌లో వందకు 18 గ్రాముల ప్రొటీన్ ఉంది, నిజమే. కొవ్వు 20 గ్రాముల పైనే ఉంది, అది కూడా నిజమే.

దారి నాలుగు: గుడ్డు కూడా వద్దు, పాలు మాత్రం

తరాలుగా ఇలా తినే కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. సాధ్యమే. కాకపోతే 85 గ్రాముల పప్పు, 300 మిల్లీలీటర్ల పాలు ఇక్కడ ఐచ్ఛికం కాదు, తప్పనిసరి. మీల్‌మేకర్ ఈ దారిలో పెద్ద ఆసరా. ఉప్పేసిన నీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి, చన్నీళ్లలో వేసి, గట్టిగా పిండి, మళ్లీ ఒకసారి కడిగి పిండితే ఆ పచ్చి వాసన పోతుంది. పిండకపోతే మసాలా లోపలికి దిగదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రకూ సోయాకూ మధ్య నాలుగు గంటలు వదలాలి.

పాలు కూడా మానే వీగన్ దారి ఐదోదని చెప్పవచ్చు. అది ఎంచుకునేవాళ్లు బి12 మాత్ర లేకుండా మొదలుపెట్టకూడదు. అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న తెలుగువాళ్లకు బి12, కాల్షియం కలిపిన సోయా పాలు, టోఫు తేలిగ్గా దొరుకుతాయి. అక్కడ కూడా డబ్బా మీద చదివి కొనాలి, పోసుకునే ముందు బాగా కుదపాలి. కాల్షియం అడుగున పేరుకుంటుంది.

బి12: ఏ దారైనా దీని దగ్గర ఆగి చూసుకోవాలి

మొక్కల ఆహారంలో బి12 లేదు. ఇడ్లీ పిండి పులిస్తే వస్తుందని, స్పిరులినాలో ఉందని చెప్పేవి నమ్మి కూర్చోవద్దు. స్పిరులినాలో ఉన్నది మన ఒంటికి పనికిరాని రూపం. రోజుకు కావాల్సింది రెండు మైక్రోగ్రాములకు కాస్త పైన. 300 మిల్లీలీటర్ల పాలు ఒకటికి కొంచెం ఎక్కువ ఇస్తాయి, గుడ్డు అర మైక్రోగ్రాము. పాలను పదే పదే మరిగిస్తే అందులోనూ కొంత పోతుంది. కాబట్టి మూడో దారిలో అంచు మీద ఉంటాం, నాలుగో దారిలో అంచు కింద పడే అవకాశం ఎక్కువ.

ఇది మోసం చేసే లోపం. కాలేయంలో నిల్వ ఏళ్ల తరబడి వస్తుంది కనుక మొదటి ఏడాదంతా "నాకేం కాలేదే" అనిపిస్తుంది. తర్వాత అరికాళ్లలో తిమ్మిర్లు, నాలుక నున్నబడటం, మతిమరుపు మొదలవుతాయి. ఆకుకూరల్లో ఉండే ఫోలేట్ అనే విటమిన్ రక్తహీనతను కప్పిపెడుతుంది, లోపల నరాల నష్టం మాత్రం సాగుతూ ఉంటుంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, ఎసిడిటీకి పాంటొప్రజోల్ లాంటివి ఏళ్లుగా వాడేవాళ్లలో బి12 ముందే తగ్గి ఉండవచ్చు. అందుకే మార్పు మొదలుపెట్టే ముందే ఒకసారి రక్తపరీక్ష చేయించండి. సాధారణంగా మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు వస్తే లోపం, 200 నుంచి 300 మధ్య అనుమానం. లోపం తేలితే మోతాదు డాక్టరు చెప్పాలి. లోపం లేని వీగన్‌లు రాకుండా చూసుకోవడానికైతే రోజూ కనీసం 10 మైక్రోగ్రాములు, లేదా వారానికోసారి 2000. ఈ రెండంకెల మధ్య అంత తేడా ఉండటం అచ్చుతప్పు కాదు. పేగు ఒక్కసారికి పీల్చుకోగలిగేది అతి కొద్ది, మిగతాది బయటికి పోతుంది.

ఇనుము సంగతి ఆడవాళ్లు గట్టిగా పట్టించుకోవాలి. రోజుకు మగవాళ్లకు 19 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకు 29 కావాలి. మాంసంలోని ఇనుము సులువుగా ఒంటబడుతుంది, పప్పుల్లోది అంత సులువుగా పట్టదు. పప్పులో దించాక పిండే నిమ్మకాయ, భోజనంతో ఒక జామకాయ ముక్క ఇక్కడ నిజంగా పనిచేస్తాయి. భోజనం వెంటనే టీ, కాఫీ తాగితే ఆ పని చెడుతుంది, గంట ఆగండి. పాలకూరలో కాల్షియం కాగితం మీద కనిపిస్తుంది కానీ అందులోనే ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు దాన్ని ఒంటబట్టకుండా పట్టి ఉంచుతాయి. కాల్షియం కోసం రాగులు (వందకు 350 మిల్లీగ్రాములకు అటూ ఇటూ), మునగాకు, పొట్టు తీయని నువ్వులు మేలు.

ఏ జబ్బుకు ఏ దారి

షుగర్ ఉన్నవాళ్లకు మూడో దారి, లేదా రెండోది. అన్నం పూటకు 60 నుంచి 70 గ్రాముల బియ్యానికి కుదించి, కూరా పప్పూ ముందు తిని అన్నం చివర్లో తింటే తిన్నాక చూసే షుగర్ తక్కువ ఎగబాకుతుంది. రాగిజావ షుగర్‌కు మందు అనుకుంటారు. మెత్తగా విసిరిన పిండిని పలచగా కాస్తే అది త్వరగా గ్లూకోజ్‌గా మారుతుంది. దానికన్నా జొన్నరొట్టె, కూర నయం. ఒక్క హెచ్చరిక: గ్లిమిపిరైడ్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ అన్నం సగానికి తగ్గిస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరగవచ్చు. డాక్టరుకు ముందే చెప్పి మోతాదు సరిచేయించుకోండి.

యూరిక్ యాసిడ్ ఉన్నవాళ్లు పప్పు మానేసి మటన్ తినడం చూస్తుంటాం, తలకిందుల పని. కీళ్లవాపు తెచ్చేవి ముఖ్యంగా కాలేయం, మెదడు వంటి భాగాలు, మాంసం, రొయ్యలు, బీరు. పప్పులతో, ఆకుకూరలతో ఆ ముప్పు పెరిగినట్టు పెద్ద అధ్యయనాల్లో కనిపించలేదు. మూడు, నాలుగు దారులు వీళ్లకు సరిపోతాయి.

కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లు ఈ వ్యాసంలోని అంకెలేవీ పాటించకండి. ప్రొటీన్, పొటాషియం రెండూ మీకు విడిగా లెక్కగట్టాలి. వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ వంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచితే మందు పని తగ్గుతుంది. ఎంత తింటారో రోజూ అంతే తినాలి. గర్భిణులకు, ఎదిగే పిల్లలకు ఒకటి నుంచి మూడు దారులే తేలిక. నాలుగో దారిలో ఉన్నవాళ్లు ఇనుము, బి12 పరీక్షలు దాటవేయకూడదు.

పొయ్యి దగ్గర వచ్చే చిక్కులు

గ్యాస్ పేరుతో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. ఒక్క వారంలో పప్పు మూడింతలు పెంచితే పేగు ఒప్పుకోదు. మొదటి వారం పెసరపప్పు, రెండో వారం కందిపప్పు కలపండి, మూడో వారం బొబ్బర్లు, ఆ తర్వాతే శనగలు, రాజ్మా. శనగలు, రాజ్మా ఎనిమిది నుంచి పది గంటలు నానాలి, నానిన నీళ్లు పారబోయాలి. రాజ్మాను సన్నని సెగ మీద అరకొరగా ఉడికిస్తే వాంతులవుతాయి, దానిలోని విషపదార్థం కనీసం పది నిమిషాలు కుతకుత మరిగితేనే పోతుంది. కుక్కర్లో వండితే ఆ బెంగ లేదు. మొలకలు పచ్చివి కాకుండా రెండు నిమిషాలు ఆవిరికి పెట్టండి, వెచ్చటి తడిలో సూక్ష్మజీవులు కూడా మొలకలతో పాటే పెరుగుతాయి. వృద్ధులకూ గర్భిణులకూ బాగా ఉడికినవే పెట్టాలి.

బోరు నీళ్లతో పప్పు ఉడకడం లేదని వంటసోడా వేస్తారు. ఉడుకుతుంది, బి1 విటమిన్ నాశనమవుతుంది. ముందుగా నానబెట్టి, తాగే నీళ్లతో ఉడికిస్తే చాలు. గోంగూర, చింతపండు, మామిడికాయ పప్పు మెత్తబడ్డాకే వేయాలి. పులుపు ముందే పడితే గింజ బిగుసుకుంటుంది.

వంటకు తీరికలేని రోజు కర్రీ పాయింట్ ప్యాకెట్లు తెచ్చుకుంటే నూనె 27 గ్రాముల లెక్క ఆ పూటకే అయిపోతుంది. అలాంటి రోజు ఉడికించిన శనగలు గానీ గుడ్లు గానీ, పెరుగూ ఉల్లిపాయా చేర్చి ఒక్క కూర ప్యాకెట్‌తో సరిపెట్టండి. రోజుకు ఉప్పు మొత్తం ఐదు గ్రాములు, ఒక చెంచా. ఆవకాయ, అప్పడం, మజ్జిగ మిరపకాయ ముగ్గురూ ఒకే పూట కంచంలో కూర్చుంటే కూరకు ఉప్పు మిగలదు.

కొలెస్ట్రాల్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ మూడు నెలలు గడిచాక చూసుకోండి. పదిహేను రోజులకే చేయిస్తే హెచ్‌బీఏ1సీలో పాత తిండి లెక్కే ఎక్కువగా కనిపిస్తుంది. హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ ఆరు నెలలకు, బి12 ఏడాదికి. ఎల్‌డీఎల్ కదలకపోతే ముందు నెయ్యి, పనీర్, ఫుల్‌క్రీమ్ వెతకండి. బరువు పెరిగితే బియ్యం సంచి ఎన్ని రోజులకు ఖాళీ అవుతోందో చూడండి.